ఓడినవాళ్ళు కట్టిన పాట

1971లో మన క్రికెట్ జట్టు వెస్టిండీస్ పోయి, వాళ్ళ గడ్డ మీద ఐదు టెస్టుల సిరీస్‌ను 1-0తో గెలుచుకొచ్చింది. అంతకుముందు ఆ జట్టు మీద మనం ఒక్క టెస్టు కూడా గెలిచి ఎరగం. ఆ గెలుపు మీద ఒక పాట పుట్టింది. ఈనాటికీ జనం వింటున్నారు. దాన్ని కట్టింది మనవాళ్ళు కాదు, ఓడినవాళ్ళు. ట్రినిడాడ్ ద్వీపంలో విల్లార్డ్ హారిస్ అనే కుర్రవాడు ‘లార్డ్ రిలేటర్’ పేరుతో పాడేవాడు. గిటారు పట్టుకుని మన గవాస్కర్ మీద కాలిప్సో, అంటే వాళ్ళ దీవుల పాట, అల్లాడు. ఈ పిల్లాణ్ణి ఔట్ చెయ్యడం మావాళ్ళ వల్ల కానేకాలేదని నవ్వుతూ ఒప్పుకోవడమే ఆ పాట. తమ కెప్టెన్ సోబర్స్ అంతటివాణ్ణి కూడా దెప్పకుండా వదల్లేదు.

అందులో ఉన్నది గవాస్కర్ ఒక్కడే కాదు. మన ఆటగాళ్ళ పేర్లు వరసగా రాగంలో ఒదిగి వస్తుంటాయి. జైసింహ, జయంతిలాల్, గోవిందరాజ్, ఆబిద్ అలీ. నలుగురూ హైదరాబాద్ జట్టు వాళ్ళే. హైదరాబాద్‌లో వాళ్ళ మీద ఎవరూ పాట కట్టినట్టు నేను వినలేదు. ఎక్కడో సముద్రాల అవతల, మన చేతిలో ఓడిన ఊళ్ళో కట్టారు. మనవడు ఫోన్లో ఆ పాట పెట్టినప్పుడు నాకు అన్నిటికన్నా ముందు తట్టింది ఇదే.

నేను బసంత్‌నగర్‌లో మైకుసెట్టు నడుపుతాను. రాజీవ్ రహదారి మీద కరీంనగర్ నుంచి గోదావరిఖని పోయేవాళ్ళకు సిమెంట్ ఫ్యాక్టరీ చిమ్నీలు కనిపిస్తాయి కదా, ఆ ఊరు. బసంత్ కుమార్ బిర్లా పేరు మీద వెలిసింది. మా నాయన కేశోరాం సిమెంట్ కట్టుబడి పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను కుక్కబొమ్మ రికార్డుల కాలం నుంచి క్యాసెట్ డెక్కు, సీడీ, ఇప్పటి డీజే బాక్సుల దాకా అన్నీ చూసినవాణ్ణి. పెళ్ళి, చావు, బతుకమ్మ, పీర్ల పండుగ, యూనియన్ ఎన్నికలు, పదిహేను ఆగస్టు, అన్నిటికీ నా హారన్లే. క్రికెట్ టోర్నమెంట్లు సరేసరి. కాలనీ గ్రౌండులోనో, పాత రన్‌వే పక్కనో, కాస్కో బంతితో ఆట మొదలైందంటే ఒక చేత్తో కామెంటరీ మైకు, ఇంకో చేత్తో పాటల బటన్ నాదే. సిక్సు పడితే ఏ పాట, వికెట్ పడితే ఏ పాట, వాన పడితే ఏ పాట అన్నది నా లెక్క. ఓడిన జట్టు గ్రౌండు దాటి పోతుంటే ఏ పాట వెయ్యాలన్నది మాత్రం చాలాకాలం ఆ లెక్కలో లేదు.

తెల్లవాళ్ళు పాలించిన దేశాల్లో క్రికెట్ ఎందుకింత పట్టింపైందో తెలుసుకోవాలంటే ఆ ఆట ఎట్లా వచ్చిందో ఒకసారి చూడాలి. దొరలు తమ కాలక్షేపానికి, తమ క్లబ్బుల్లో తాము ఆడుకోవడానికి తెచ్చుకున్నారు. మనవాళ్ళు చుట్టూ నిలబడి చూశారు, బంతులందించారు, తర్వాత పట్టుకున్నారు. 1926 డిసెంబరు 1న బొంబాయి జింఖానా మైదానంలో, భారతీయులకు సభ్యత్వమే ఇవ్వని ఆ క్లబ్బు ముంగిట్లో, ఇంగ్లండు నుంచి వచ్చిన ఎంసీసీ జట్టు మీద సి.కె. నాయుడు 153 పరుగులు కొట్టాడు. అందులో 11 సిక్సులు. నాయుడు పుట్టింది నాగపూర్‌లోనే అయినా తెలుగింటివాడు. కొఠారి వారి పూర్వీకులు మచిలీపట్నం వైపు నుంచి వెళ్ళారంటారు. మైదానం చుట్టూ చెట్లెక్కి, మేడలెక్కి చూసిన జనానికి ఆ రోజు బంతి ఒక్కటే కనిపించి ఉండదు. 1932 జూన్ 25న లార్డ్స్‌లో మన మొట్టమొదటి టెస్టుకు ఆయనే కెప్టెన్. చెయ్యి దెబ్బ తిన్నా మొదటి ఇన్నింగ్స్‌లో 40 కొట్టాడు, మనవైపు అదే ఎక్కువ. ఓడిపోయాం అనుకోండి.

నాలుగేళ్ళకు అదే ఇంగ్లండుకు ఇంకో తెలుగు సీమవాడు కెప్టెన్‌గా వెళ్ళాడు. విజయనగరం మహారాజకుమార్, విజ్జీ. ఆయనకు ఆటకన్నా పలుకుబడి ఎక్కువ. మూడు టెస్టుల్లో కలిపి 33 పరుగులు చేశాడు. లాలా అమర్‌నాథ్‌ను మధ్యలోనే ఇంటికి పంపేశారు, విజ్జీకి మాత్రం ఆ పర్యటనలోనే సర్ బిరుదు వచ్చింది. దొరల ఆటలో దొరల మీద గెలవాలనుకున్నవాడొకడు, దొరల్లో కలవాలనుకున్నవాడొకడు. విజ్జీ తర్వాతి కాలంలో రేడియో కామెంటరీ చెప్పాడు. మా వృత్తివాడే కాబట్టి ఇంతకన్నా ఏమీ అనను.

మా దిక్కు సంగతి కొంచెం వేరు. మేము నైజాం జనం. ఇంగ్లీషు కలెక్టరును మా తాతలు చూసింది లేదు. కానీ బొగ్గు తవ్వే కంపెనీ మాత్రం 1886లో లండన్‌లో పుట్టింది, ఇల్లెందులో తవ్వడం మొదలుపెట్టింది, 1920 నుంచి సింగరేణి పేరుతో నడిచింది. 1945లో నిజాం ప్రభుత్వం పెద్ద వాటా కొనేదాకా పెత్తనం అక్కడివాళ్ళదే. క్రికెట్ మాత్రం సికింద్రాబాద్ కంటోన్మెంటు తెల్ల సిపాయిల నుంచి హైదరాబాద్ నవాబుల చేతికి వచ్చింది. 1930లో పైగా నవాబు ఒకరు పెట్టిన మొయినుద్దౌలా గోల్డ్ కప్‌కు దేశంలోని పెద్ద ఆటగాళ్ళంతా వచ్చేవారు. ఫతే మైదాన్‌లో 1955లో తొలి టెస్టు జరిగింది, న్యూజీలాండ్ మీద. మన జట్టుకు కెప్టెన్ హైదరాబాదీ గులాం అహ్మద్. పాలీ ఉమ్రీగర్ 223 కొట్టాడు, మనవాళ్ళలో టెస్టు డబుల్ సెంచరీ అదే మొదటిది. చప్పట్లు బాగా కొట్టి ఉంటారు. పాట మాత్రం లేదు.

పాట ఉన్నచోటికి పోదాం. ట్రినిడాడ్‌లో పాటకూ పోలీసులకూ వైరం పాతది. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళ వారసులు కార్నివాల్ పండుగకు డప్పులు కొట్టుకుంటూ వీధుల్లోకి వచ్చేవారు. 1881లో పోలీసులకూ వాళ్ళకూ పెద్ద గొడవైంది. ఆ తర్వాత డప్పులే వద్దని చట్టం తెచ్చారు. డప్పు పోతే వెదురు బొంగులు నేలకు కొట్టి వాయించారు. తర్వాత బిస్కట్ డబ్బాలు, ఇంకా తర్వాత నూనె కంపెనీలు పారేసిన పీపాలు. పీపా అడుగును సుత్తితో సొట్టలు పెట్టి, ఒక్కో సొట్టకు ఒక్కో స్వరం పలికేట్టు చేశారు. స్టీల్ పాన్ అంటే అదే. ఇప్పుడది వాళ్ళ దేశానికే గుర్తు. ఫ్యాక్టరీ పక్కన పుట్టి పెరిగినవాణ్ణి, కంపెనీ పారేసే ఇనుములో ఎంత సంగీతం దాగుందో నాకు ఎవరూ చెప్పలేదు.

అదే ద్వీపానికి 1845 మే 30న ఫతెల్ రజాక్ అనే ఓడ మన కూలీలను మోసుకుపోయింది. చెరకు తోటల్లో పనికి. తర్వాత డెబ్భై ఏళ్ళు ఓడలు పోతూనే ఉన్నాయి. వాళ్ళలో ఎక్కువమంది ఉత్తరాదివాళ్ళు, మద్రాసు రేవు నుంచి పోయినవాళ్ళు తక్కువ. తెలుగువాళ్ళు ఎక్కువగా మారిషస్, ఫిజీ, దక్షిణాఫ్రికా నాటాల్‌లకు పోయారు. ట్రినిడాడ్ పోయినవాళ్ళు తమతో తాషా తీసుకుపోయారు. మా దగ్గర పీర్ల పండుగకు మెడలో వేసుకుని సన్నటి పుల్లలతో వాయిస్తారే, ఆ జాతి వాద్యమే. 1884 అక్టోబరులో శాన్ ఫెర్నాండో ఊరి దగ్గర మొహర్రం ఊరేగింపు మీద పోలీసులు కాల్పులు జరిపారు. పదిమందికి పైగా తోట కూలీలు చచ్చిపోయారు. ఆ ఊరేగింపులో హిందువులూ ముస్లిములూ కలిసే నడిచారు, మా పీర్ల ముందు నడిచినట్టే. ఇంత జరిగినా తాషా ఆగలేదు. ఇప్పుడక్కడ పెళ్ళికీ అదే, క్రికెట్ మ్యాచ్‌కూ అదే.

ఇక 1950. వెస్టిండీస్ అప్పటిదాకా ఇంగ్లండులో టెస్టు గెలవలేదు. లార్డ్స్‌లో జూన్ 29న 326 పరుగుల తేడాతో గెలిచింది. కూల్చింది ఇద్దరు స్పిన్నర్లు, ఊరూపేరూ లేని కుర్రాళ్ళు. ఒకడు జమైకా నల్లవాడు ఆల్ఫ్ వాలెంటైన్. ఇంకొకడు ట్రినిడాడ్ చెరకు కూలీల మనవడు సోనీ రామాధీన్, వెస్టిండీస్‌కు ఆడిన మొదటి భారత సంతతివాడు. రామాధీన్‌కు 11 వికెట్లు, వాలెంటైన్‌కు 7. ఇంగ్లండు మొత్తం వికెట్లు ఇరవైలో ఇద్దరే పద్దెనిమిది తీశారు. మ్యాచ్ అయిపోగానే లార్డ్ కిచెనర్ అనే కాలిప్సో గాయకుడు గిటారు భుజాన వేసుకుని, వెనక గుంపు చిందులేస్తుండగా, లార్డ్స్ పచ్చికలోకి దిగాడు. అక్కణ్ణుంచి పాడుకుంటూ పికడిల్లీ దాకా పోయారట. లార్డ్ బిగినర్ అనే ఇంకో గాయకుడి పేరుతో ఆ గెలుపు మీద ‘విక్టరీ కాలిప్సో’ రికార్డు వచ్చింది. వీళ్ళిద్దరూ రెండేళ్ళ ముందు, 1948లో, ఎంపైర్ విండ్‌రష్ ఓడలో బతుకుదెరువు కోసం లండన్ చేరినవాళ్ళే. అద్దెకు గది అడిగితే తలుపు మూసుకునే ఊళ్ళో, ఆ ఊరి గుడి లాంటి మైదానంలో పాడారు.

ఒక చిన్న ముచ్చట. ఈ గాయకులందరి పేర్ల ముందు ఈ లార్డులేమిటి? అది వాళ్ళ ఎకసెక్కం. అసలు కిచెనర్ ఇంగ్లీషు సైన్యాధిపతి, 1902 నుంచి ఏడేళ్ళు మన దేశంలోని సైన్యాన్నే నడిపినవాడు. ఆ పేరు తగిలించుకుని ఆల్డ్విన్ రాబర్ట్స్ అనే నల్లవాడు లార్డ్స్‌లో చిందేశాడు. మా ఖనిలో యూనియన్ నాయకులకు పెట్టే పేర్లు నేను విన్నాను, ఇంత బాగుండవు.

లార్డ్స్ పాట గెలిచినవాళ్ళ పాట. అట్లాంటిది ఎక్కడైనా పుడుతుంది. నన్ను పట్టుకున్నది మాత్రం 1971 పాటే.

అప్పుడు నేను చిన్నవాణ్ణి. రాత్రి అక్కడ ఆట జరిగితే పొద్దున రేడియో వార్తల్లో మనకు తెలిసేది. ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో మర్ఫీ రేడియో చుట్టూ మొదటి షిఫ్టు వాళ్ళు గుమిగూడేవాళ్ళు. ఆ జట్టుకు అజిత్ వాడేకర్ కెప్టెన్. పేర్లు చదువుతుంటే మా నాయన ఒక్క పేరు దగ్గర ఆగేవాడు, వికెట్ కీపర్ పి. కృష్ణమూర్తి. పి అంటే పోచయ్య. పోచయ్య కృష్ణమూర్తి! పోచమ్మ పేరు పెట్టుకున్న ఇంటివాడు సోబర్స్ వెనకాల నిలబడి వికెట్ కాస్తున్నాడంటే క్యాంటీన్‌లో చాయ్ గ్లాసులు ఆగిపోయేవి. ఐదు టెస్టులూ ఆడాడు. ఆ ఐదే. తర్వాత మళ్ళీ టెస్టు ఆడలేదు.

జయంతిలాల్‌ది ఇంకా చిత్రం. గవాస్కర్‌కు వేలు వాచి కింగ్‌స్టన్‌లో మొదటి టెస్టు ఆడలేకపోతే ఆ చోటు జయంతిలాల్‌కు దక్కింది. 5 పరుగులు చేశాడు. రెండో టెస్టుకు గవాస్కర్ వచ్చాడు, ఇక ఆ చోటు దిగలేదు. జయంతిలాల్‌ది జీవితంలో అదొక్కటే టెస్టు. ఫాస్ట్ బౌలర్ గోవిందరాజ్‌కు అదీ దక్కలేదు. ఆ ఏడాది వెస్టిండీస్ పోయాడు, ఇంగ్లండూ పోయాడు, ఒక్క టెస్టూ ఆడలేదు. మన రికార్డు పుస్తకాల్లో వీళ్ళ గురించి వెతికితే ఒక గీత, అర గీత. ట్రినిడాడ్ పాటలో మాత్రం గవాస్కర్ పక్కనే ఉన్నారు. రాగానికి సరిపోయిందనే ఆ పేర్లు వేసుకున్నాడేమో. అయితేనేం.

ఆబిద్ అలీ సంగతి వేరు, అతనికి చెప్పుకోవడానికి చాలా ఉంది. 1967లో అడిలైడ్‌లో తొలి టెస్టులోనే 55 పరుగులకు ఆరు వికెట్లు తీశాడు. 1971 మార్చిలో ట్రినిడాడ్‌లోని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో మనం ఏడు వికెట్లతో గెలిచినప్పుడు ఆఖరున గవాస్కర్‌తో క్రీజులో ఉన్నది అతనే. ఆ ఏడాదే ఆగస్టు 24న ఓవల్‌లో ఇంగ్లండు మీద గెలుపు ఫోరు కొట్టిందీ అతనే. అది వినాయక చవితి రోజులు, జూ నుంచి బెల్లా అనే ఏనుగును మైదానానికి తోలుకొచ్చారు మనవాళ్ళు. ఏనుగును తెచ్చారు గానీ పాట తేలేదు. ఆబిద్ అలీ 2025 మార్చిలో కాలిఫోర్నియాలో కన్నుమూశాడు. మా గ్రౌండులో మైకులో ఆ పేరు చెప్పి ఒక్క నిమిషం నిలబడమంటే, ఎవరు కాకా ఆయన అని అడిగారు పోరగాళ్ళు.

జైసింహకు అవి ఆఖరి టెస్టులు. సికింద్రాబాద్ వాడు, మెడకు రుమాలు, ఎత్తిన కాలరు, నడకలోనే ఒక దర్జా. 1968లో బ్రిస్బేన్‌లో విమానం దిగిన కొద్దిరోజులకే 74, 101 కొట్టిన ఘనుడు. గవాస్కర్‌కు ఆయనంటే ఎంత ఇష్టమంటే, కొడుకు పేరు రోహన్ జైవిశ్వ అని పెట్టుకున్నాడు. రోహన్ కన్హాయ్, జైసింహ, విశ్వనాథ్, ముగ్గురూ ఒక్క పేరులో. కన్హాయ్ ఎవరు? గయానా వాడు, మన కూలీల సంతతి, మన మీదే బ్యాటు పట్టినవాడు. ప్రత్యర్థి పేరును కొడుక్కి పెట్టుకోవడం కూడా ఒక రకం కాలిప్సోనే.

అంతా ప్రేమే అని చెప్పను. ఇండియా జట్టు పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో ఆడుతుంటే అక్కడి భారత సంతతి జనం మనవైపు చప్పట్లు కొట్టేవారు. ఈ ఊళ్ళో పుట్టి, ఈ తిండి తిని, ఆ జట్టుకు చప్పట్లేమిటని నల్లవాళ్ళకు గుర్రు. ఆ గుర్రు వాళ్ళ రాజకీయాల్లో ఈనాటికీ ఉంది. అట్లాంటి చోట, నల్లవాడైన లార్డ్ రిలేటర్ ఇండియా పేర్లన్నీ ఏరి పాటలో పెట్టాడు. అది ఎంత తూకంగా చేసిన పనో పెళ్ళిలో రెండు వర్గాల మధ్య మైకు పట్టుకున్నవాడికి తెలుస్తుంది.

పైగా వెస్టిండీస్ అన్నది దేశమే కాదు. ఇంగ్లండు చేతిలోంచి బయటపడ్డ చిన్నచిన్న ద్వీపాలు, పక్కన గయానా, అన్నీ కలిసి ఒక జట్టు. 1958లో ఆ ద్వీపాల్లో చాలావరకు కలిసి ఒకే దేశంగా ఉందామని ఫెడరేషన్ పెట్టుకున్నారు, 1962కల్లా విడిపోయారు. ఆ ఏడాది ఆగస్టులో జమైకా, ట్రినిడాడ్ ఎవరి జెండా వాళ్ళు ఎగరేసుకున్నారు. జట్టు మాత్రం విడిపోలేదు. దేశం లేని జట్టుకు జాతీయగీతం ఎక్కడిది? అందుకని డేవిడ్ రడర్ అనే ట్రినిడాడ్ గాయకుడు 1980ల చివర కట్టిన పాటను మ్యాచ్‌కు ముందు వేస్తారు, ‘ర్యాలీ రౌండ్ ద వెస్టిండీస్’. పాటొచ్చిన కొన్నేళ్ళకే ఆ జట్టు వరుసగా ఓడడం మొదలైంది. వాళ్ళు మాత్రం ఆ పాటే పాడుతూ వచ్చారు. 2016లో కోల్‌కతాలో టి20 కప్పు గెలిచిన రోజున ఇంకో ట్రినిడాడ్ వాడు, డ్వేన్ బ్రావో, తానే ‘ఛాంపియన్’ పాట పాడి జట్టంతటినీ ఆడించాడు. మా దగ్గర ఆ పాట రెండేళ్ళు ఏ బరాతులోనూ ఆగలేదు.

మనకు జాతీయగీతం ఉంది, అదీ తెలుగు నేలతో ముడిపడ్డది. ఠాగూర్ రాసిన ‘జనగణమన’ను మొదట 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెస్ సభలో పాడారు. 1919 ఫిబ్రవరిలో ఆయన మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చి కొన్నాళ్ళున్నాడు. అక్కడే దాన్ని ఇంగ్లీషులోకి మార్చుకున్నాడు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ ఆ పాటకు స్వరలిపి రాసింది. ఆమె ఐరిష్ మనిషి. ఇంగ్లండు కింద నలిగిన దేశపు ఆడమనిషి, అట్లాంటి ఇంకో దేశపు పాటను కాగితం మీద పెట్టింది. 1950 జనవరి 24న అది మన జాతీయగీతమైంది. ఠాగూర్ ఇంకో పాట బంగ్లాదేశ్‌కు జాతీయగీతం కాబట్టి, ఆ రెండు జట్లు ఆడుతుంటే మైకులో వచ్చేవి రెండూ ఒకే కవి పాటలు.

2021 జనవరి 7న సిడ్నీలో ఆ గీతం వినిపిస్తుంటే మహ్మద్ సిరాజ్ ఏడ్చాడు. అందరూ టీవీలో చూశారు. హైదరాబాద్ ఆటో డ్రైవర్ కొడుకు. అంతకు ఏడెనిమిది వారాల ముందే తండ్రి చనిపోతే, ఇంటికి రాకుండా జట్టుతోనే ఉండిపోయాడు. అదే సిడ్నీ మ్యాచ్‌లో బౌండరీ దగ్గర నిలబడ్డ సిరాజ్‌ను కొందరు ప్రేక్షకులు తిట్టారు. ఆట ఆపించి, ఆరుగుర్ని స్టాండులోంచి బయటికి పంపారు. ఆ తర్వాత బ్రిస్బేన్‌లో ఆఖరి టెస్టు రెండో ఇన్నింగ్స్‌లో 73 పరుగులకు ఐదు వికెట్లు తీశాడు. సిరీస్ మనది. మా ఆటో స్టాండులో ఆ రోజు నన్ను మైకు పెట్టమన్నారు, పైసలు చందా వేసుకుని ఇచ్చారు. వాళ్ళకు జాతీయగీతం అంటే సిరాజ్ మొహమే.

ఇక మనం 1983 ప్రపంచ కప్పు గెలిచినప్పటి సంగతి. అప్పుడు క్రికెట్ బోర్డు దగ్గర ఆటగాళ్ళకు ఇవ్వడానికి డబ్బుల్లేవు. ఢిల్లీలో లతా మంగేష్కర్ కచేరీ పెట్టి, వచ్చిన పైసల్లోంచి ఒక్కొక్కరికి లక్ష ఇచ్చారు. ఆవిడ ఏమీ తీసుకోలేదు. ఇవాళ ఐపీఎల్ వేలంలో కోట్లు పలుకుతుంటే ఈ ముచ్చట చెప్పినా ఎవరూ నమ్మరు.

మనకు ఓటమి మీద పాటలు రావని కాదు. మా నేల పాటలన్నీ ఓడినవాళ్ళవే. కాకతీయుల మీద పోరి నేలకొరిగిన సమ్మక్క సారలమ్మలకు మేడారంలో లక్షల జనం మొక్కుతారు. సర్వాయి పాపన్న ఓడాడు, పాట గెలిచింది. 2011 సకలజనుల సమ్మెలో బొగ్గుబాయిలు నెలకు పైగా మూతపడ్డప్పుడు ధూంధాం సభల్లో నా యాంప్లిఫైయర్ వేడెక్కి పొగ వచ్చేదాకా పాడారు, ఎక్కువగా చచ్చిపోయినవాళ్ళ మీదే. కానీ మనల్ని ఓడించినవాణ్ణి మెచ్చుకుంటూ ఒక చరణం? ఒగ్గుకథలో ఎదుటివాడు ఎప్పుడూ రాక్షసుడే.

2023 నవంబరు 19 గుర్తుందా? అహ్మదాబాద్‌లో ప్రపంచ కప్పు ఫైనల్. తొంభై వేలకు పైగా జనం. ఇంతమంది నోరు మూయించడంకన్నా తృప్తి ఉండదని ఆస్ట్రేలియా కెప్టెన్ కమిన్స్ ముందురోజే అన్నాడు, అన్నట్టే చేశాడు. ట్రావిస్ హెడ్ 137 కొట్టాడు. కప్పు ఇచ్చేసరికి స్టాండ్లు సగం ఖాళీ. మా సెంటర్‌లో పెద్ద తెర, నాలుగు డీజే బాక్సులు కట్టాను. పటాకులు కూడా తెచ్చుకున్నారు. మ్యాచ్ అయిపోగానే ఒకడు వచ్చి, “బంద్ చెయ్ కాకా, వైర్లు పీకెయ్” అన్నాడు. కిరాయి సగమే ఇచ్చారు, గెలవలేదని. నేను గెలిపిస్తానని అడ్వాన్సు తీసుకోలేదు గదా!

చిత్రమేమిటంటే, ఆ డిసెంబరు వేలంలో సన్‌రైజర్స్ హైదరాబాద్ కమిన్స్‌ను 20.5 కోట్లకు, హెడ్‌ను 6.8 కోట్లకు కొన్నది. 2024 ఏప్రిల్ 15న బెంగళూరులో హెడ్ 41 బంతుల్లో 102 కొట్టాడు, జట్టు 287 చేసింది. అదే సెంటరు, అవే బాక్సులు, అదే పోరడు వచ్చి, “హెడన్నకు ఒక తీన్మార్ కొట్టు కాకా” అన్నాడు. ఐదు నెలల్లో హెడ్డు హెడన్న అయిండు. అంతకుముందు డేవిడ్ వార్నర్ లాక్‌డౌన్‌లో బుట్టబొమ్మ పాటకు భార్యతో కలిసి స్టెప్పులేసినప్పుడూ ఇంతే, వార్నర్ మామ అయిపోయాడు. దేశం పేరు మీద పుట్టిన పౌరుషం జెర్సీ రంగు మారితే ఇంత తొందరగా కరుగుతుందా అని నవ్వొచ్చింది. కరిగితే మంచిదే. కాకపోతే అది ఓడించినవాడి మీద మెప్పు కాదు, మనవాడైనవాడి మీద మెప్పు. లార్డ్ రిలేటర్ చేసింది వేరే పని. గవాస్కర్ ట్రినిడాడ్‌కు ఆడబోతాడని అతను పాడలేదు.

మా జనవరి 26 టోర్నమెంటులో ఇప్పుడు నేనొక షరతు పెట్టాను. ఫైనల్లో ఓడిన కెప్టెన్ మైకు దగ్గరికి వచ్చి, గెలిచినవాళ్ళలో ఒకణ్ణి పేరు పెట్టి మెచ్చుకోవాలి, అప్పుడే పాట. లేకపోతే మైకు బంద్. మొదట్లో కమిటీవాళ్ళు గునిసారు. ఒక కెప్టెన్ మైకు అందుకుని అంపైరును తిట్టి దిగిపోయాడు. ఇంకొకడు, “బాగా ఆడిండ్రు, సరేనా” అని మైకు నా మీదికి విసిరాడు.

పోయిన జనవరిలో ఫైనల్ ఒక బాయి జట్టుకూ కన్నాల ఊరి పిల్లలకూ పడింది. కన్నాల వాళ్ళు ఓడారు. వాళ్ళతో వచ్చిన డప్పులాయన కెప్టెన్‌కన్నా ముందు మైకు లాక్కుని, బాయి జట్టు ఓపెనర్ మీద అక్కడికక్కడ నాలుగు వరసలు కట్టాడు. నైట్ షిఫ్టు చేసొచ్చి నిద్రమొహంతో కొట్టిన సిక్సులని, బంతి చెరువులో పడితే చేపలు క్యాచ్ పట్టినయని. నాలుగో వరసలో ఆ పిల్లాడి అత్తగారి ఊరి పేరు తెచ్చేసరికి కొంచెం గడబిడైంది. పెద్దమనుషులు సర్దిచెప్పారు. డప్పు మాత్రం ఆగలేదు.

మరునాడు పొద్దున్నే ఆ ఓపెనర్ షాపుకు వచ్చాడు. పాట నా దగ్గర రికార్డయిందని ఎవరో చెప్పారట. అత్తగారి ఊరి ముక్క తీసేసి, మిగతాది ఫోన్లో రింగుటోన్‌గా వెయ్యమన్నాడు. వేసిచ్చాను. ఇరవై రూపాయలు తీసుకున్నాను.